మొదటి టికెట్టు పక్కన పెట్టిన రోజు

పగలు ఎక్కడో పని చేసి, సాయంత్రం కాలేజీకి పోయే పిల్లలు మా ఇంటి ముందు నుంచే వెళ్తుంటారు. వాళ్ళలో ఒక అమ్మాయి మొన్న మంచినీళ్ళ కోసం ఆగింది. "పొద్దంత దుకాణంల నిలబడి వస్తున్న అవ్వా. హోంవర్క్ రాయాల్నంటె పానం ఒప్పుతలేదు. రేపు రేపు అనుకుంటనే కుప్పయింది" అన్నది. నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల చిన్నబుచ్చుకొని గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఎందుకు నవ్వానో చెప్పే సందు దొరకలేదు. ఆమె కోసం, ఆమెలాంటి పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. చేతిలో ఫోను పట్టుకొని తిరిగే మీకు ఆ పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. అప్పట్లో నిజామాబాదు నుంచి హైదరాబాదుకో బొంబాయికో మాట్లాడాలంటే ముందు మాకు చెప్పి కాల్ బుక్ చేసుకోవాలి. దాన్ని ట్రంకు కాల్ అనేవారు. ఇటు నంబరు, అటు నంబరు ఒక చిన్న టికెట్టు మీద రాసి మేం వరుసలో పెట్టేవాళ్ళం. లైన్లు తక్కువ, మాట్లాడేవాళ్ళు ఎక్కువ. వరుస వచ్చినప్పుడు స్విచ్ బోర్డు మీద తీగ గుచ్చి ఇద్దరినీ కలిపి, గడియారం చూస్తూ కూర్చునేవాళ్ళం. మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి, "మూడు నిమిషాలు అయినయి, ఇంకా మాట్లాడుతారా?" అని అడగాలి. అవునంటే మరో మూడు. లేదంటే లైను తీసి తర్వాతి వాళ్ళకు. ఎక్కువ డబ్బు కట్టి అర్జెంటు అన్నవాళ్ళ వరుస వేరు. మామూలు వాళ్ళలో మాత్రం ముందు బుక్ చేసిన వాళ్ళకు ముందు. గంజిలో, అంటే టోకు మార్కెట్టులో, పసుపు అమ్మే సేటు అరిచినా, ఆఫీసరు బతిమాలినా ఆ వరుస కదిలేది కాదు. చేరిన మొదటి వారంలోనే మాకు అది ఒంటికి పట్టించేవారు.

నాకు కొంచెం ఎక్కువే పట్టింది. ఎట్లాగో చెప్తాను.

మాది నందిపేట్ దగ్గర ఊరు. బాపుకు కొంత వరి, కొంత పసుపు. నైజాం కాలంలో ఉర్దూలో కొన్ని జమాతులు, అంటే తరగతులు, చదివిన మనిషి. మా ఊళ్ళో ఆడపిల్లలు కూర్చునే బడి లేదు, దూరం పంపడానికి అవ్వకు, అంటే మా అమ్మకు, ధైర్యం లేదు. అందుకని బాపే బడి పెట్టాడు, నా ఒక్కదాని కోసం. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, దేవుని దగ్గర దీపం వెలిగించి, ఆ వెలుతురులోనే నన్ను కూర్చోబెట్టుకునేవాడు. పద్యాలైనా, ఉర్దూ అయినా, ఎక్కాలైనా అన్నీ నోటితోనే. తప్పు చెప్తే "మల్ల చెప్పు బిడ్డా" అనేవాడు, అంతకు మించి ఒక మాట లేదు. పలక మీద రాసింది అరచేత్తో తుడిస్తే పోయేది. ఇంటిపని అంటూ ఎన్నడూ ఇవ్వలేదు. చదువే ఇంట్లో అయినప్పుడు ఇక ఇంటికి ఇచ్చేదేముంది?

ఇంగ్లీషు మాత్రం నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఉండే చిన్నాయన నేర్పాడు. మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఆ పాసుతోనే నిజామాబాదు ఎక్స్చేంజిలో ఉద్యోగం వచ్చింది. చిన్నాయన, చిన్నమ్మల ఇంట్లోనే ఉండి డ్యూటీకి పోయేదాన్ని. పొద్దున స్నానం చేసి దీపం పెట్టి, గుడి ముందు ఒక దండం పెట్టుకొని వెళ్ళి బోర్డు ముందు కూర్చుంటే, ఇంతకంటే ఏం కావాలి స్వామీ అనిపించేది. అయినా ఒకటి కావాలనిపించింది. కాలేజీ.

ఆడవాళ్ళకు పగటి డ్యూటీలే ఇచ్చేవారు కాబట్టి, సాయంత్రం కాలేజీలో పీయూసీ, అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది, చదువుతానని దరఖాస్తు పెట్టాను. మా ఆఫీసులో అంతకు ముందు ఏ ఆడపిల్లా అట్లా అడగలేదు. మా సూపర్‌వైజరు పైవాళ్ళ దగ్గరికి పోయి, "గీ పిల్ల పరీక్ష రాస్తది, జిమ్మేదారి నాది" అని పూచీ పడి అనుమతి తెచ్చాడు. తెచ్చి, నన్ను పిలిచి కూర్చోమనకుండానే అన్నాడు:

"సూడు బిడ్డా. నీ ఎనక ఇద్దరు పిల్లలు కాలేజీకి పోతమని దరఖాస్తులు పట్టుకొని కూసున్నరు. నువ్వు పరీక్షల కూసుంటెనే ఆళ్ళవి పైకి పంపుత. నువ్వు నడిమిట్ల ఇడిసిపెడితె ఇగ నా నోరు లేవది."

"ఇడువను సార్" అన్నాను. అనడం సులువు.

మా ఇంగ్లీషు సారు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో ఉండేవారు. పగలంతా పనిచేసి నిద్రమొహాలతో కూర్చునే మా క్లాసును చూసి ఏనాడూ విసుక్కోలేదు కానీ, కాంపోజిషన్ల విషయంలో మాత్రం పట్టిన పట్టు. ఏదో ఒక టాపిక్ ఇచ్చి ఇంటి దగ్గర రాసుకురమ్మనేవారు. మొట్టమొదటిది 'నా మొదటి గురువు'.

బాపు గురించి కాక ఇంకెవరి గురించి రాస్తాను? సంతోషంగా కూర్చున్నాను. రెండు వాక్యాలు రాశాను. రెండు మూడు రోజులకు సారు క్లాసులో, ముందు బెంచీలో కూర్చునే పోస్టాఫీసు గుమాస్తా కాగితం దిద్ది తిరిగి ఇచ్చారు. జాతరలో గులాలు చల్లినట్టు ఆ కాగితమంతా ఎరుపు. గుమాస్తా నవ్వుతూ జేబులో పెట్టుకున్నాడు. నా తప్పులు ఒక కాగితం మీద నిలిచిపోవడం, పరాయి మనిషి వాటిని ఇంటికి తీసుకుపోయి ఎర్రగా కొట్టుకురావడం నేను ఎరగని సంగతి. పైగా అది బాపు గురించి. బాగా వచ్చాకే ఇవ్వాలి, ఒక్క గీత పడకుండా ఇవ్వాలి అనుకొని ఆ రెండు వాక్యాల కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టాను.

అది బాగా రాలేదు. రెండో టాపిక్ వచ్చింది. మొదటిది ఇవ్వకుండా రెండోది ఎట్లా ఇస్తాను? ముందు బుక్ చేసింది ముందు. మూడోది వచ్చింది, నాలుగోది వచ్చింది. నా బుర్రలో టికెట్టు వెనుక టికెట్టు పేరుకుంది, ఒక్కటీ కదలలేదు.

రాయడానికి కూర్చోలేదని అనుకోకండి. కూర్చునేదాన్ని. కాగితానికి స్కేలు పెట్టి మార్జిను గీసేదాన్ని. పెన్ను కడిగి, ఆరబెట్టి, సిరా నింపేదాన్ని. అప్పటికి చిన్నమ్మ భోజనానికి పిలిచేది. క్లాసులో ఇట్లా నడిచేది:

"ఏమ్మా, కాంపోజిషన్ ఏదీ?"

"డ్యూటీ సార్. రేపు తెస్తాను."

"టెలిఫోను వాళ్ళకి రేపు కూడా డ్యూటీ ఉంటుంది కదమ్మా."

క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, తల వంచుకొని.

ఇంతలో చెరుకు సీజను వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ నడిచే నెలల్లో బోధన్‌కు వచ్చే కాల్స్, పోయే కాల్స్ ఒక్కసారిగా పెరుగుతాయి. అక్కడి చిన్న ఎక్స్చేంజికి సాయంగా నన్ను పంపారు. పొద్దున బస్సులో బోధన్, సాయంత్రం బస్సులో తిరిగి నిజామాబాదు, దిగి నేరుగా కాలేజీ. నా సాకుకు ఇంకా బలం వచ్చింది. బస్సులో కూర్చొని మనసులోనే కాంపోజిషన్ అల్లుకునేదాన్ని. దిగేసరికి మొదటి నుంచి చివరి దాకా నోటికి వచ్చేది. బాపు దగ్గర అప్పజెప్పినట్టు అప్పజెప్పమంటే గడగడా చెప్పగలను. కాగితం మీద మాత్రం మార్జిను తప్ప ఏమీ ఉండేది కాదు.

సీజనులో బోధన్ అంతా పాకం మాడిన వాసన. మొదటి రోజు బాగుంటుంది, తర్వాత అన్నం కూడా ఆ వాసనే వేస్తుంది. రోడ్డు మీద చెరుకు బండ్లు ఒకదాని వెనుక ఒకటి నిలబడితే బస్సు ఎద్దుల నడకనే నడవాలి. ఎక్స్చేంజి ఒక్క గది. బోర్డు ముందు రెండు కుర్చీలు. ఒకటి నాది, రెండోది అక్కడి సీనియర్ ఆపరేటరుది. ఆమెను ఊరంతా ఆపా, అంటే అక్క, అనేవారు, నేనూ అట్లాగే పిలిచాను. బోధన్‌లో పుట్టి పెరిగిన ముస్లిం ఆమె. ఉర్దూ, తెలుగు, మరాఠీ మూడింటిలోనూ సేట్లతో కొట్లాడేది. నాందేడ్‌కు మాట్లాడే బెల్లం సేటు ఒకాయన గది అదిరేలా అరిచేవాడు. ఆపా ఒకనాడు మధ్యలో దూరి, "కాకా, మీ మాట తీగ మీద పోతది, గొంతు మీద పోదు. జర మెల్లగ" అన్నది. ఆయన ఆ తర్వాత కూడా అరిచాడు కానీ, అరిచే ముందు "ఆపా, మాఫ్ కరో" అనేవాడు.

మధ్యాహ్నం ఆపా లోపలి మూలకు పోయి నమాజు చేసుకునేది. ఆ కాసేపు రెండు కుర్చీల పని నేను చూసేదాన్ని. పొద్దున బస్సు ఆలస్యమైతే నా పని ఆమె చూసేది. ఇట్లా కొన్ని వారాలు గడిచాయి.

అప్పుడు మా సారు క్లాసులో చెప్పారు. ఆ పూట ఆయన గొంతులో నవ్వు లేదు. "ఆరు కాంపోజిషన్లు ఇచ్చాను. వచ్చే శనివారం క్లాసులు అయ్యేలోగా ఆరూ ఇవ్వని వాళ్ళ పేర్లు పరీక్షకి పంపను. ఎవరి డ్యూటీ ఎంత గొప్పదైనా సరే." చివరి మాట అన్నప్పుడు నా వైపే చూశారు.

ఆ రాత్రి అన్నం సరిగా పోలేదు. నేను పరీక్ష రాయకపోతే పోనీ. దరఖాస్తులు పట్టుకొని కూర్చున్న ఆ ఇద్దరు పిల్లల సంగతేమిటి? జిమ్మేదారి నాది అన్న మనిషి మొహం ఎట్లా చూడాలి? ఊళ్ళో బాపు మా బిడ్డ కాలేజీల చదువుతున్నదని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. ఇవన్నీ తలుచుకొని భయపడ్డాను. వారమంతా భయపడ్డాను. భయపడితే రాస్తామని అనుకుంటారు కదా, రాయలేదు. మార్జిన్లు మాత్రం ఇంకా తిన్నగా గీశాను.

శనివారం వచ్చింది.

పొద్దున నేను వెళ్ళి కూర్చున్న కొద్దిసేపటికే బోర్డు మూగబోయింది. నిజామాబాదు దారిలో చెరుకు లారీ ఒకటి టెలిఫోను స్తంభానికి తగిలి తీగలు తెగిపోయాయట. లైన్‌మన్ సైకిలెక్కుతూ, "పొద్దుమీకి దాక ఆశ పెట్టుకోకుండ్రి" అని చెప్పి పోయాడు. అంటే సాయంత్రం దాకా ట్రంకు కాల్ అన్నది లేనట్టే. ఊళ్ళో ఫోన్లు ఎప్పుడో ఒకటి.

నేను ఏం చేశానో ఉన్నదున్నట్టు చెప్తాను. బోర్డు తుడిచాను. తీగల చిక్కులు తీసి అన్నిటినీ ఒక పొడవున వేలాడదీశాను. పెన్సిళ్ళు చెక్కాను. టికెట్టు కట్టలను అంచులు కలిపి సర్దాను. కుర్చీ కాళ్ళ కింద దుమ్ము కనిపిస్తే వంగి అదీ తుడిచాను. ఆపా సోంపు నములుతూ చూస్తూ కూర్చుంది.

"తుడుసుడు అయిందా?"

"అయింది ఆపా."

"ఇగ గోడలకు సున్నమేస్తవా? తెప్పియ్యాల్నా?"

నేను కూర్చున్నాను. ఆమెకు సారు పెట్టిన గడువు సంగతి తెలుసు. వారం కిందనే చెప్పి ఏడ్చాను.

"రోజు టైము లేదు, టైము లేదు అంటివి" అన్నది ఆపా. "అల్లా మియా ఇయ్యాల లైనే తెంపి నీకు టైము ఇచ్చిండు. గింతకన్న ఇంకేం చెయ్యాలె ఆయన?"

"టైము ఒక్కటి ఉంటే అయితదా ఆపా? రాయాలంటె మనసు రావాలె."

"నేను నమాజుకు లేసేటప్పుడు మనసొచ్చిందా లేదా అని సూసుకుంటనా? యాళ్ళయితది, లేస్త, నిలబడ్త. మనసు ఎనకనుంచి మెల్లగ వస్తది. ఒక్కోనాడు రానే రాదు. నువ్వు పొద్దుగాల దీపం పెడ్తవు గద. మనసు రాలేదని ఎన్నడన్న ఆపినవా?"

జ్వరంతో ఒళ్ళు కాలినప్పుడు కూడా లేచి పెట్టినదాన్ని.

"మరి ఏంది నీ అడ్డం? సక్కగ చెప్పు."

చెప్పాను. మొదటిది బాపు గురించి అని, అది బాగా రావడం లేదని, అది ఇవ్వకుండా రెండోది ఇవ్వలేనని. "వరుస ఉంటది గద ఆపా" అన్నాను.

ఆపా నవ్వడం మొదలుపెట్టింది. చెవులకున్న హెడ్‌సెట్టు జారి మెడలో పడేదాకా నవ్వింది.

"అరె పాగల్! నేనే అనుకున్న నాకు ఈ బోర్డు పిచ్చి బాగ పట్టిందని. నువ్వు నన్ను మించినవు." కళ్ళు తుడుచుకొని, కుర్చీ నా వైపు తిప్పుకుంది. "పీపీ కాల్ ఒకటి వచ్చిందనుకో."

పీపీ కాల్ అంటే ఫలానా మనిషితోనే మాట్లాడాలి అని బుక్ చేసేది. నంబరు దొరికినా, ఆ మనిషి అక్కడ లేకపోతే కాల్ కలవదు.

"పార్టీ ఇంట్ల లేడు. పొలానికి పోయిండు. ఏం జేస్తవ్? ఆయన వచ్చేదాక లైను పట్టుకొని కూసుంటవా? ఎనకున్నోళ్ళందర్ని ఆపుతవా?"

"ఎందుకాపుత? టికెట్టు పక్కకు పెట్టి తర్వాతిది తీస్త."

అన్నాక, నా మాట నాకే వినపడింది.

"మీ బాపు పొలానికి పోయిండు" అన్నది ఆపా. "తర్వాతిది తియ్యి."

ఆ మాట ఇప్పుడు ఇంత మామూలుగా రాస్తున్నాను కానీ, అప్పుడు నా మెడ మీద నుంచి ఎవరో మూట దించినట్టయింది. అయినా చెయ్యి కాగితం మీదికి పోలేదు. ఆపా అది కూడా చూసింది. హెడ్‌సెట్టు సర్దుకొని, బోర్డు వైపు తిరిగి, డ్యూటీ గొంతుతో అన్నది:

"నంబర్ ప్లీజ్."

"ఊకో ఆపా, నవ్వులాటకు..."

"నంబర్ ప్లీజ్!"

"రెండో కాంపోజిషన్."

"పార్టీ పేరు?"

"రైలు ప్రయాణం."

"ఆర్డినరీయా, అర్జెంటా?"

నాకూ నవ్వొచ్చింది. "అర్జెంటు."

"మాట్లాడుండ్రి" అని గోడ గడియారం వైపు చూసింది. ఆ గొంతు విని మాట్లాడకుండా ఉండడం ఆపరేటరుకు చేతకాదు. పెన్ను కదిలింది. నిజామాబాదు స్టేషనులో రైలు ఎక్కాను అని రాశాను. కిటికీ పక్కన కూర్చున్నాను అని రాశాను. అంత పేలవమైన వాక్యాలు నేను ఒప్పుకునేదాన్ని కాదు, కానీ టైము నడుస్తున్నది.

"మూడు నిమిషాలు అయినయి. ఇంకా మాట్లాడుతారా?"

"ఇంకా" అన్నాను.

అట్లా మొదలైంది. మూడు నిమిషాలే కదా, ఎంత చెడ్డగా రాసినా అంతలోనే అయిపోతుంది అన్న ధైర్యం. మూడు కాగానే ఆగిపోవచ్చు, కానీ ఆగాలనిపించదు. రైలు ప్రయాణం బాసర దాకా వెళ్ళి ఆగింది. గోదావరి కనిపించగానే ముగించాను. తర్వాతి కాల్. మా ఊరి సంత. తర్వాతిది.

నాలుగోది సగంలో ఉండగా లైను వచ్చేసింది. లైన్‌మన్ అనుకున్నదానికంటే ముందే కట్టేశాడు. పొద్దుటి నుంచి ఆగిపోయిన ఊరంతా ఒక్కసారే మీద పడింది. కాల్ వస్తే బోర్డు మీద చిన్న మూత పడుతుంది. ఆ మూతలు టపటపా పడుతుంటే, నేను పెన్ను వదిలి తీగ అందుకున్నాను. ఆపా నా చేతి మీద ఒక దెబ్బ వేసింది.

"నీ లైను కొయ్యకు. గీ బోర్డు నేను సూస్త."

"ఒక్కదానివి ఎట్ల ఆపా?"

"రోజు నేను నమాజుల ఉన్నప్పుడు నువ్వు ఎట్ల సూస్తివి? అట్లనే."

నమాజు కొద్దిసేపే. ఆపా ఆ రోజు డ్యూటీ దిగేదాకా రెండు కుర్చీల పని ఒక్కతే లాగింది. ఎడమ చేత్తో ఒక తీగ, కుడి చేత్తో ఇంకొకటి, ఒక చెవిలో మరాఠీ, ఒక చెవిలో ఉర్దూ. మధ్యమధ్య గడియారం చూసి, "కాకా, మూడు నిమిషాలు అయినయి" అని, వెంటనే నా వైపు తిరిగి, "బేటీ, నీయి గూడ" అనేది. బెల్లం సేటు "ఈ బేటీ ఎవరు?" అని అడిగాడట. ఆపా "నీకన్న పెద్ద పార్టీ" అన్నది.

డ్యూటీలో సొంత పని చేయడం తప్పే. సోమవారం ఆపానే ఈ సంగతి ఫోనులో మా సూపర్‌వైజరుకు చెప్పింది. "లైను బందున్నప్పుడు రాసిందా, నడుస్తున్నప్పుడు రాసిందా?" అని అడిగాడట. రెండిట్లో అని చెప్తే, "నాకు సరిగ ఇనపడ్తలేదు, లైను ఖరాబున్నది" అని పెట్టేశాడట. ఇట్లాంటి మనుషుల మధ్య నన్ను పడేసినందుకు ఆ దేవునికి నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

సాయంత్రం ఐదు కాంపోజిషన్లతో బస్సెక్కాను. చెరుకు బండ్ల వెనుక బస్సు పాకుతుంటే సీట్లో కూర్చోలేక లేచి నిలబడ్డాను, నిలబడితే తొందరగా పోతుందన్నట్టు. కాలేజీకి చేరేసరికి క్లాసులు అయిపోయాయి. సారు మెట్లు దిగుతున్నారు. కాగితాలు ఆయన చేతిలో పెట్టి రొప్పుతూ నిలబడ్డాను.

తిప్పి చూశారు. "ఆరు అన్నాను కదమ్మా."

"ఒకటి పెండింగు సార్."

"పెండింగేమిటి?"

"పార్టీ దొరకలేదు సార్." నోరు జారిపోయింది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. గబగబా చెప్పాను, "మొదటిది సార్, నా మొదటి గురువు. మొత్తం నోటికి వచ్చు. ఇక్కడే చెప్పేస్తాను, వింటారా?"

సారు ఆ కాగితాలు మడిచి పట్టుకున్నారు. "నోటితో చెప్తే నేనెక్కడ దిద్దనమ్మా?" అన్నారు.

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగారు. దిద్దడానికి ఆయనకు చోటు కావాలి, ఆ చోటు నేను ఇవ్వడం లేదు. అప్పుడుగానీ ఆ సంగతి నాకు తట్టలేదు.

"సోమవారం పేర్లు పంపుతున్నాను" అన్నారు. "తెస్తే మీ పేరు ఉంటుంది."

ఆదివారం ఆపా లేదు, బోర్డు లేదు, గడువు చెప్పే గొంతు లేదు. పొద్దున దీపం పెట్టాను. పెట్టి, దేవుని పటాలు తుడవడం మొదలుపెట్టాను. రెండో పటం చేతిలో ఉండగా, నేనేం చేస్తున్నానో నాకే తెలిసిపోయి నవ్వొచ్చింది. పటం దాని చోట పెట్టాను. దీపం ముందే కాగితం పరుచుకొని కూర్చున్నాను. మనసు వచ్చిందా అంటే రాలేదు.

"నంబర్ ప్లీజ్" అన్నాను మెల్లగా.

వంటింట్లో నుంచి చిన్నమ్మ, "ఎవరితోని మాట్లాడుతున్నవే?" అని కేకేసింది.

"ట్రంకు కాల్ చిన్నమ్మా."

"ఆదివారం గూడనా!"

మా బాపు పొలం నుంచి మట్టికాళ్ళతో వచ్చేవాడు అని రాశాను. కాళ్ళు కడుక్కున్నాకే పుస్తకం ముట్టేవాడు అని రాశాను. తప్పు చెప్తే మళ్ళీ చెప్పమనేవాడు అని రాశాను. బస్సులో అల్లుకున్న పెద్ద పెద్ద మాటలు ఒక్కటీ రాలేదు. బాపుకు సరిపోయే కాంపోజిషన్ కాదది. కానీ చిన్నమ్మ రెండోసారి కేకేసేసరికి అది కాగితం మీద ఉంది.

సోమవారం ఇచ్చాను. నా పేరు వెళ్ళింది. కాగితాలు దిద్ది తిరిగి ఇస్తూ, "మీ వాక్యాలు మరీ పొట్టివమ్మా. ఎవరో గడియారం పట్టుకొని పక్కన నిలబడ్డట్టు రాస్తారు" అన్నారు సారు. నేను నిజం చెప్పలేదు. పరీక్ష రాశాను, పాసయ్యాను. ఆ ఇద్దరి దరఖాస్తులూ పైకి వెళ్ళాయి. వాళ్ళిద్దరూ నాకంటే మంచి మార్కులు తెచ్చుకున్నారు, అందుకు సూపర్‌వైజరు నన్ను చాలా రోజులు ఆటపట్టించాడు. ఆపా ఇప్పుడు లేదు. దీపం పెట్టేటప్పుడు నేను తలుచుకునే పేర్లలో ఆమెది ఒకటి. ట్రంకు కాల్సే పోయాయి. నేను మాత్రం ఏ పని వాయిదా వేస్తున్నా ఆ గొంతే వింటాను, ఇది రాయడానికి కూర్చున్నప్పుడు కూడా విన్నాను.

ఒక్క సంగతి మిగిలింది. పరీక్షలకు ముందు ఒక సెలవు రోజు ఊరికి వెళ్ళాను. పసుపు ఉడకబెట్టే రోజులు. బాపు కళాయి దగ్గర నిలబడి ఉన్నాడు, మోచేతుల దాకా పసుపు. ఆ కాగితం చూపించాను. చేతులు తువ్వాలుకు తుడుచుకొని పట్టుకున్నాడు, అయినా అంచుకు పచ్చగా అంటింది. ఇంగ్లీషు రాదు కాబట్టి చదివి అర్థం చెప్పాను. కాళ్ళు కడుక్కోవడం దగ్గర తల ఊపాడు. అంతా విన్నాక కాగితం మీద వేలు పెట్టాడు.

"గీ ఎర్రగీతలేంది బిడ్డా?"

ఈ ప్రశ్నకు భయపడే కదా ఇన్ని నెలలు దాచుకున్నది. "తప్పులు బాపు. మా సారు దిద్దిండు."

బాపు ఒక్కో గీతనూ చూసుకుంటూ పోయాడు, పైనుంచి కింది దాకా. "ఒక్కటి ఇడువలే!" అన్నాడు సంబరంగా. "నేనెన్నడు గిట్ల దిద్దలే నీకు. మల్ల చెప్పు అనుడే గని, ఏడ తప్పో జూపెట్టకపోతి. సారు మంచోడు." కాగితం నా చేతికి ఇచ్చాడు. "గీ తప్పులు లేకుంట మల్ల రాసి సూపెట్టు."

"రాస్త బాపు. నిజామాబాద్ పోయినంక..."

"ఆడికి పోయినంక ఎందుకు? గిక్కడ కాయితం లేదా?"

మా బాపు నాకిచ్చిన మొదటి ఇంటిపని అది. ఆరబోసిన పసుపు కొమ్ములను కొంచెం పక్కకు జరిపి, చాప మీద అక్కడే కూర్చొని పెన్ను మూత తీశాను.